నోరు పిడచకడుతోందా? ముందు ఉమ్మిని కొలవండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖపట్నం, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవే. అడిగిన ప్రశ్నలు వేరువేరు. అయినా అన్నిటి వెనుకా లాలాజలమే ఉంది. అందుకే వాటన్నిటికీ ఒక్కచోట జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నా వయసు 58. షుగరు వచ్చి 12 ఏళ్లయింది, బీపీ కూడా ఉంది. అరికాళ్ల మంటలకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ మాత్ర వేసుకుంటున్నాను. ఏడాదిగా అర్ధరాత్రి నోరు పిడచకట్టుకుపోయి మెలకువ వస్తోంది. చపాతీ గొంతు దిగడం లేదు. పళ్లు చిగుళ్ల దగ్గర వరసగా పుచ్చిపోతున్నాయి. నీళ్లు తాగమన్నారు, తాగుతూనే ఉన్నాను. ఇంకేం చేయాలి?
– గాజువాక పాఠకురాలు

జవాబు: ఉమ్మి చేసే పని నీళ్లు చేయలేవమ్మా. ఉమ్మిలో ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ ఉంటుంది, పంటిని తిరిగి గట్టిపరిచే కాల్షియం, ఫాస్ఫేట్ ఉంటాయి, జారుడుగా ఉంచే మ్యూసిన్ ఉంటుంది. తీపి తిన్న కొద్ది నిమిషాలకే పళ్లమీద గారలోని పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, ఇది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) 5.5 కంటే దిగిపోతుంది. అక్కడినుంచి పంటి ఎనామిల్ కరగడం మొదలవుతుంది. ఉమ్మి బాగా ఊరే నోట్లో అరగంట నుంచి గంటలోపు పీహెచ్ మళ్లీ పైకి వస్తుంది. ఊరని నోట్లో కిందే ఉండిపోతుంది. చిగురు జారి బయటపడ్డ వేరు భాగానికి ఎనామిల్ రక్షణ లేదు కాబట్టి అది పీహెచ్ 6 దాటి ఉండగానే కరుగుతుంది. మీ పళ్లు చిగుళ్ల అంచునే పుచ్చడానికి కారణం ఇదే.

నోరు ఎండినట్టు అనిపించడం వేరు, ఉమ్మి నిజంగా తగ్గడం వేరు. ఉమ్మి సరిపడా ఉన్నా కొందరికి నోరు ఎండినట్టే ఉంటుంది. మరికొందరికి సగానికి సగం తగ్గినా తెలియదు. అందుకే మందుల కంటే ముందు కొలత కావాలి. దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు.

మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి, మూతి వెడల్పున్న చిన్న కప్పు తీసుకోండి. ఉదయం 9, 11 గంటల మధ్య కూర్చోండి. అంతకుముందు గంటన్నరపాటు ఏమీ తినకూడదు, తాగకూడదు, పళ్లు తోమకూడదు, పొగ తాగకూడదు. తల కాస్త ముందుకు వంచి, నోట్లో ఉన్నది ఒకసారి మింగేసి గడియారం చూడండి. అక్కడినుంచి మింగకుండా, మాట్లాడకుండా, నాలుక ఆడించకుండా ఉండి, నిమిషానికోసారి చేరినదాన్ని కప్పులోకి ఉమ్మండి. 15 నిమిషాలు ఇలా చేసి, నురగ అణిగేదాకా ఆగి, సిరంజితో పీల్చి కొలవండి. మామూలుగా నిమిషానికి 0.3 నుంచి 0.4 మి.లీ. ఊరుతుంది, అంటే 15 నిమిషాలకు 4.5 నుంచి 6 మి.లీ. వస్తుంది. మొత్తం 1.5 మి.లీ. లేదా అంతకన్నా తక్కువ వచ్చిందంటే ఉమ్మి నిజంగా తగ్గిపోయినట్టే.

లెక్క తప్పేది ఎక్కువగా నురగను కలిపి చదవడం వల్ల, లేదా బుగ్గలు పీల్చి ఉమ్మి లాగడం వల్ల. పీలిస్తే గ్రంథులు ఉత్తేజం పొంది అంకె పెరుగుతుంది. కఫం కలిస్తే ఆ కొలతను వదిలేయండి. ఎండలో తిరిగి చెమటలు కారి వచ్చిన రోజున కొలవకండి. అప్పుడు ఒంట్లో నీరు తగ్గి ఉమ్మీ తగ్గుతుంది, అది గ్రంథుల తప్పు కాదు. రెండు వేర్వేరు రోజుల్లో, అదే వేళకు కొలిచి, రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి.

ఆ కాగితంతో దంత కళాశాలలో ఓరల్ మెడిసిన్ విభాగానికి వెళ్లండి. రుషికొండలోని గీతం, సంగివలసలోని అనిల్ నీరుకొండ దంత కళాశాలలు మీకు అందుబాటులో ఉన్నవే. అక్కడ రెండో కొలత తీయమని అడగండి. రుచీ వాసనా లేని మైనపు ముక్కను నమిలిస్తూ 5 నిమిషాలు ఉమ్మి పట్టే పరీక్ష అది. మామూలుగా నిమిషానికి 1 నుంచి 2 మి.లీ. వస్తుంది, 0.7 కంటే దిగితే తక్కువ. మా దృష్టిలో చికిత్సకు దారి చూపేది ఈ రెండో అంకే. ఊరికే కూర్చున్నప్పుడు తక్కువగా ఉండి, నమిలితే బాగా వస్తుంటే గ్రంథులు బతికే ఉన్నాయి, మందులో మరొకటో వాటిని అణచిపెడుతోంది. రెండూ తక్కువైతే గ్రంథులే దెబ్బతిని ఉండొచ్చు.

మీ ఉత్తరం చూస్తే మొదట అనుమానించాల్సింది అమిట్రిప్టిలిన్‌నే. గ్రంథులకు ‘ఊరు’ అని చెప్పే నరాల సంకేతాన్ని అది అడ్డుకుంటుంది. నిద్రలో ఉమ్మి ఎవరికైనా దాదాపు ఆగిపోతుంది. సరిగ్గా ఆ వేళకే మీ మాత్ర పనిచేస్తోంది. అలాగని మీ అంతట మీరు మానేయకండి. మోతాదు తగ్గించవచ్చా, నోటిని ఇంతగా ఎండబెట్టని మందు ఉందా అని రాసిచ్చిన డాక్టరుగారినే అడగండి. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయించేది ఉంటే అదీ ఒక కారణమే. జలుబుకు షాపులో అడిగి కొనే క్లోర్‌ఫెనిరమిన్ మాత్రలూ అంతే. షుగరు అదుపు తప్పితే మూత్రం ఎక్కువై ఒళ్లే ఎండుతుంది, కాబట్టి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎంతో కూడా చూసుకోండి.

కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, చెవుల కింద వాపు, కీళ్ల నొప్పులు కూడా ఉంటే షోగ్రెన్స్ వ్యాధిని (ఒంటి రక్షణ వ్యవస్థే ఉమ్మి, కన్నీటి గ్రంథుల మీద దాడిచేసే జబ్బు) పరీక్షించాలి. ఇది ఎక్కువగా ఆడవాళ్లకే వస్తుంది. రక్తంలో యాంటీ ఎస్‌ఎస్‌ఏ అనే యాంటీబాడీ కోసం పరీక్ష, కంటి కింది రెప్పలో కాగితం పెట్టి కన్నీటి తడి చూసే షిర్మర్ పరీక్ష (5 నిమిషాల్లో 5 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ తడిస్తే అనుమానం), కింది పెదవి లోపలి చిన్న గ్రంథుల బయాప్సీ (చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) చేస్తారు. 2016లో ఖరారైన అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉమ్మి నిమిషానికి 0.1 మి.లీ. లేదా అంతకన్నా తక్కువ ఉండటానికి ఒక పాయింటే. యాంటీ ఎస్‌ఎస్‌ఏ ఉంటే మూడు, బయాప్సీలో తేలితే మూడు. మొత్తం నాలుగు రావాలి. కాబట్టి నోరు ఎండుతోందన్న ఒక్క కారణంతో ఎవరికీ ఈ వ్యాధి అంటగట్టకూడదు.

ఈలోగా పళ్లను కాపాడుకోవాలి. ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల్లో వెయ్యి వంతులు) ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమి, నురగ ఉమ్మేసి ఊరుకోండి, నీళ్లతో పుక్కిలించకండి. పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా తూములోకే పోతుంది. 5000 పీపీఎం పేస్టు అవసరమా అన్నది దంతవైద్యులు చెప్పాలి. చక్కెర లేని, జైలిటాల్ ఉన్న చూయింగ్ గమ్ భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాలు నమలండి. గ్లాసు నీళ్లలో పావు చెంచా వంటసోడా కలిపి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించి ఉమ్మేయండి, మింగకండి. పడుకునే ముందు కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ ఉన్న కృత్రిమ లాలాజలం స్ప్రే వాడొచ్చు. నోరూరుతుందని నిమ్మ బిళ్లలు చప్పరించేవాళ్లు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. ఉమ్మి లేని నోట్లో సిట్రిక్ ఆమ్లం నేరుగా పంటినే తినేస్తుంది. మాటిమాటికీ పంచదార టీ గుక్కలు వేయడమూ అంతే.

పైలోకార్పిన్ అనే మాత్ర గ్రంథుల్లో ప్రాణం మిగిలి ఉంటే పనిచేస్తుంది. మామూలు మోతాదు 5 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు. చెమట బాగా పట్టిస్తుంది, మన సముద్రపు ఉక్కపోతలో అది చిన్న ఇబ్బంది కాదు. అదుపులో లేని ఆస్తమా, కోణం మూసుకునే రకం గ్లకోమా ఉన్నవాళ్లు వాడకూడదు. డాక్టరు చీటీ లేకుండా కొనకండి.

ప్రశ్న: దంత వైద్యానికి వెళ్తే పరిశోధన కోసం ఉమ్మి ఇవ్వమన్నారు. ఉదయం ఏమీ తినకుండా, పళ్లు తోమకుండా రమ్మన్నారు. ఎన్నింటికి లేచానో కూడా అడిగారు. ఉమ్మికి ఇంత తతంగం ఎందుకు? సంతకం పెట్టొచ్చా?
– ఎంవీపీ కాలనీ పాఠకుడు

జవాబు: తతంగం కాదు, అవన్నీ లేకపోతే ఆ నమూనా పనికిరాదు. పళ్లు తోమితే చిగుళ్లనుంచి కంటికి కనబడనంత రక్తం ఉమ్మిలో కలుస్తుంది. రక్తంలో ప్రోటీన్లు ఉమ్మిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఒక్క చుక్క కలిసినా ఫలితం తారుమారవుతుంది. తింటే గ్రంథులు ఉత్తేజమై ఉమ్మి పలచబడుతుంది. లేచిన వేళ అడగడానికీ కారణముంది. కార్టిసాల్ అనే హార్మోను నిద్ర లేచాక 30 నుంచి 45 నిమిషాల్లో పతాకస్థాయికి వెళ్లి, అక్కడినుంచి సాయంత్రం దాకా తగ్గుతూ వస్తుంది. 5 గంటలకు లేచినవారినీ 8 గంటలకు లేచినవారినీ 9 గంటల నమూనాతో పోల్చడం కుదరదు.

నమూనా ఇచ్చేటప్పుడు వాళ్లు దాన్ని వెంటనే ఐసులో పెడుతున్నారో లేదో గమనించండి. బయట ఉంచితే నోటిలోని బాక్టీరియా, ఎంజైములు కొలవాల్సిన వాటినే తినేస్తాయి. పీహెచ్ చూసేటట్టయితే మూత తీసి ఉంచకూడదు. ఉమ్మిలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. చిన్న పొరపాట్లే, కానీ ఇలాంటి అధ్యయనాలు ఒకదానికొకటి పొంతన లేని ఫలితాలివ్వడానికి ఇవీ కారణమే.

సంతకం విషయానికొస్తే, పత్రం మీకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. పరిశోధన మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ఉమ్మిలోంచి డీఎన్‌ఏ తీస్తారా, మిగిలిన నమూనాను ఎన్నాళ్లు దాస్తారు, జబ్బేదైనా బయటపడితే మీకు చెబుతారా, ఈ నాలుగూ అడగండి. కొత్త మందు ఇచ్చి చూసే పరిశోధన అయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు సంఖ్య ఉండి తీరాలి. ట్రయల్ వల్ల హాని కలిగితే ఉచితంగా వైద్యం చేయించాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే మానుకోవచ్చు. మానుకున్నారని మీ పంటి వైద్యం ఆపకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉంటే ఇవ్వండి, మంచి పనే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఉమ్మిలో గ్లూకోజు చూసి షుగరు నిర్ధారించే పరీక్ష ఇంకా రక్తపరీక్షకు బదులు కాలేదు.

ప్రశ్న: మా అత్తగారికి 65 ఏళ్లు. చిన్నప్పటినుంచీ అడ్డపొగ అలవాటు. అంగిలి తెల్లగా మందంగా అయ్యి, మధ్యలో ఎర్రటి చుక్కలు కనిపిస్తున్నాయి. నొప్పి లేదంటారు. చూపించాలా?
– భీమిలి పాఠకురాలు

జవాబు: తప్పకుండా చూపించాలి, ఈ వారంలోనే. నొప్పి లేదన్నది ధైర్యమిచ్చే మాట కాదు. అడ్డపొగలో చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం వల్ల వేడీ పొగా రెండూ నేరుగా అంగిటికే తగులుతాయి. అక్కడి చర్మం గట్టిపడి తెల్లబడుతుంది. ఆ ఎర్రచుక్కలు అంగిట్లో ఉండే చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు, వాచి ఎర్రబడినవి. మామూలుగా పొగ తాగేవాళ్లలో ఈ మార్పు అలవాటు మానితే చాలావరకు తగ్గుతుంది. అడ్డపొగలో మాత్రం అంత తేలిగ్గా తీసుకోకూడదు. అంగిలి క్యాన్సర్ మామూలుగా అరుదు, మన ఉత్తరాంధ్ర తీరంలో ఎక్కువగా కనబడటానికి ఈ అలవాటే కారణం. జెన్స్ పిండ్‌బోర్గ్, ఫాలీ మెహతా బృందం ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లు పరీక్షించి 1971లోనే ఆ ఫలితాలు ప్రచురించింది.

ఎర్రటి మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, తాకితే రక్తం రావడం, గట్టిగా తగిలే అంచు, వీటిలో ఏ ఒక్కటున్నా బయాప్సీ చేయించాలి. ‘ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది’ అనే మాట నిజం కాదు, ఆ భయంతోనే చాలామంది ఆలస్యం చేస్తున్నారు. కట్టుడు పళ్లుంటే తీసి చూపించండి, ప్లేటు కిందే మచ్చలు దాగుతాయి. మానడానికి సాయం కావాలంటే జాతీయ పొగాకు విముక్తి ఉచిత ఫోను 1800-112-356. ఇన్నేళ్ల అలవాటును తిట్టి మాన్పించలేరు, పక్కన ఉండి మాన్పించండి.

ప్రశ్న: చిగుళ్లు శుభ్రం చేయిస్తే షుగరు తగ్గుతుందంటారు. నిజమేనా?
– మద్దిలపాలెం పాఠకుడు

జవాబు: కొంతవరకు. 2013లో అమెరికాలో జరిగిన పెద్ద ట్రయల్‌లో 514 మందిని చూస్తే ఉపయోగం కనబడలేదు. అయితే ఆ చికిత్స తర్వాత కూడా వాళ్ల చిగుళ్లలో వాపు, రక్తం పూర్తిగా తగ్గలేదని చాలామంది నిపుణులు ఎత్తిచూపారు. 2022లో కోక్రేన్ సంస్థ ట్రయల్స్ అన్నిటినీ కలిపి లెక్కిస్తే, చికిత్స తర్వాత మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం తగ్గింది. అంటే 8.4 ఉన్నవారికి సుమారు 8 అవుతుందన్నమాట. మందు మానేయడానికి ఇది సరిపోదు, మందుకు తోడుగా మాత్రం విలువైనదే. పైపైన గార గీకించడంతో ఇది రాదు, చిగురు లోపలి జేబుల్లో వేర్లదాకా శుభ్రం చేయాలి, మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ చూపించుకోవాలి.

ప్రశ్న: వక్క నమిలితే నోరూరుతుంది కదా, నోరు ఎండినవాళ్లకు మంచిదే కదా?
– అనకాపల్లి పాఠకుడు

జవాబు: ఊరేమాట నిజమే. వక్కలోని అరెకోలిన్ కూడా పైలోకార్పిన్‌లాగే గ్రంథులను తట్టిలేపుతుంది. కానీ వక్క పొగాకు కలపకపోయినా క్యాన్సర్ కారకమే. బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోని జబ్బుకూ మూలం అదే. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే వెంటనే చూపించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి నాలుక క్యాన్సర్‌కు అగనంపూడిలో రేడియేషన్ మొదలుపెడతామన్నారు. పళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చా?
– కూర్మన్నపాలెం పాఠకుడు

జవాబు: వద్దు, ముందే చూడాలి. తీయాల్సిన పళ్లుంటే రేడియేషన్‌కు కనీసం రెండు వారాల ముందు తీసేసి గాయం మాననివ్వాలి. తర్వాత తీస్తే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది. గ్రంథులను తప్పించి కిరణాలిచ్చే ఐఎంఆర్‌టీ పద్ధతి వీలవుతుందా అని అడగండి. 2011లో బ్రిటన్‌లో ప్రచురితమైన ట్రయల్‌లో ఏడాది తర్వాత నోరు బాగా ఎండిపోయినవారు పాత పద్ధతిలో 74 శాతం, ఐఎంఆర్‌టీలో 38 శాతం. పళ్లకు తొడిగి ఫ్లోరైడ్ పట్టించే ట్రేల కోసం అచ్చు కొలత కూడా ఇప్పుడే తీయించండి. రేడియేషన్ మొదలయ్యాక నోరు పుండ్లు పడి, ఆ అచ్చు పెట్టనివ్వలేరు.