ఒంటరిగా వైజాగ్ వచ్చి టూర్ బస్సులో అరకు వెళ్ళొచ్చా? ఈత రాకపోయినా స్కూబా చేయొచ్చా?

రెండూ చేయొచ్చండీ. కాకపోతే మొదటి రోజు పొద్దున రుషికొండ బీచ్‌లో స్కూబా (వీపున గాలి సిలిండర్‌తో సముద్రం లోపలికి దిగడం), ఆ రాత్రే అరకు ప్రయాణం అని రాశారు చూడండి, ఆ వరుస మాత్రం తిరగేసేయండి. ముందు కొండ, తర్వాత సముద్రం. ఎందుకో కింద చెప్తాను. ఫ్రెండ్స్ అందరూ ఆఖర్లో హ్యాండిచ్చారు, టూర్ బస్సులో అన్నీ ఫ్యామిలీలే ఉంటాయేమో, ఒక్కదాన్నే బిక్కుబిక్కుమంటూ కూర్చోవాలేమో అన్నారు కదా, ముందు ఆ సంగతి.

నేను మర్రిపాలెంలో పుట్టి పెరిగినదాన్ని. వైజాగ్ వాళ్ళు మామూలుగా టూర్ బస్సెక్కరు. అరకంటే బైకో, కారో, లేదంటే తెల్లారగట్ట కిరండూల్ పాసింజరో. మా పిన్ని వాళ్ళకని బుక్ చేసిన ప్యాకేజీకి వాళ్ళు రాలేకపోతే, డబ్బులెందుకు పోగొట్టుకోవాలని నేనే ఎక్కి కూర్చున్నాను.

ఫ్యామిలీలే ఉంటాయి, నిజమే. అదే మీకు మంచిది. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి ఎవరో ఒకరికి కడుపులో తిప్పుతుంది. మా బస్సులో ఆ వంతు తుని కుర్రాడిది. వెనక సీట్లోంచి రాజమండ్రి మాస్టారి భార్య నిమ్మకాయ అందించారు, వరంగల్ అక్కాచెల్లెళ్ళు కవరిచ్చారు, నేను ముందు సీటు ఇచ్చి వెనక్కెళ్ళాను. అనంతగిరి చేరేసరికి ఎవరిది ఏ ఊరో, ఎవరికి ఎంత జీతమో, ఎవరింట్లో సంబంధాలు చూస్తున్నారో బస్సంతా తెలిసిపోయింది. ఈ ఆరాలంటే చిరాకు పడేవాళ్ళుంటారు. నాకైతే మాస్టారు అడుగుతుంటే నవ్వొచ్చింది.

అసలు స్నేహాలు కుదిరేది చూసే చోట కాదండీ, ఎదురుచూసే చోట. గైడు ఇరవై నిమిషాలంటాడు, ఏదో ఒక కుటుంబం ఫొటోల కోసం ఇంకో అరగంట లాగుతుంది. మిగతావాళ్ళందరూ బస్సు పక్కన కాఫీ తాగుతూ వాళ్ళని తిట్టుకుంటారు. కలిసి తిట్టుకున్నాక ఇంక మొహమాటం ఏముంటుంది?

బొర్రా గుహల్లో మాత్రం తోడు చూసుకునే దిగండి. మెట్లు చాలానే ఉంటాయి, కొన్నిచోట్ల తడి, జారుతుంది. పైనుంచి సున్నపురాయిలోంచి నీళ్ళు చుక్క చుక్కగా కారుతూనే ఉంటాయి, ఆ గుహలు తయారైందే అలా. గుహకి సరిగ్గా పైనుంచే రైలు పట్టాలు పోతాయని చెబితే మాస్టారు ఒక నిమిషం నోరు తెరుచుకుని పైకి చూశారు. బయట కోతులుంటాయి, చేతిలో తినేవేవీ పెట్టుకోకండి. అరకులో గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్, వెదురు బొంగులో కాల్చే బొంగు చికెన్ మామూలే. కటికి జలపాతం చూడాలని ఉంటే బస్సు టైముకి కుదరదు, బొర్రా నుంచి జీపు, ఆపైన నడక. అది వేరే రోజు పెట్టుకోవాలి.

రాత్రి బస్సు దిగేముందే తుని కుర్రాడు "బొంగు బ్యాచ్" అని వాట్సాప్ గ్రూపు పెట్టేశాడు. మర్నాడు కైలాసగిరిలో జిప్‌లైన్ (తీగకి వేలాడుతూ జారేది), ఆ మర్నాడు పొద్దున్నే రుషికొండ. జిప్‌లైన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కట్టేవరకే భయం, వదిలాక అరిచేలోపు అయిపోతుంది.

ఇక స్కూబా. మా నలుగురిలో ఇద్దరికి ఈత రాదు. మొదటిసారి చేసేవాళ్ళకి ట్రైనర్ పక్కనే ఉండి, మిమ్మల్ని పట్టుకునే కిందకి తీసుకెళ్తాడు. ముందు తక్కువ లోతులో నోటితో గాలి పీల్చడం, మాస్క్‌లోకి నీళ్ళొస్తే పోగొట్టుకోవడం నేర్పిస్తారు. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకూడదు. పది మీటర్ల లోతుకెళ్తే ఒంటి మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది, అది ముందు తెలిసేది చెవుల్లోనే. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే సర్దుకుంటుంది. జలుబు ఉంటే సర్దుకోదు, ఆ రోజు మానేయండి. ఆస్తమా, చెవి ఆపరేషన్లు లాంటివుంటే ఫారం నింపేటప్పుడు దాచకండి.

ఇంకో సంగతి. నీళ్ళలో బొటనవేలు పైకెత్తితే "బావుంది" అని కాదు, "పైకి తీసుకెళ్ళు" అని. వరంగల్ చెల్లెలు చేపల గుంపు చూసిన సంబరంలో వేలెత్తింది. ట్రైనర్ ఏమీ అడక్కుండా పైకి తెచ్చేశాడు. "చేపలు బాగున్నాయని చెప్పానంతే!" అని ఆ పిల్ల గొడవ. ఒడ్డున మా బ్యాగులకి కాపలా కూర్చున్న మాస్టారికి ఆ పూటకి అదే వినోదం.

అండమాన్ ఫొటోల్లోని నీలం నీళ్ళు మాత్రం ఆశించకండి. డిసెంబర్ నుంచి మార్చి మధ్యలో వస్తే కాస్త నయం, వానలూ తుపాన్లూ ఉన్నప్పుడు ఏమీ కనిపించదు.

ఇప్పుడు వరుస సంగతి. స్కూబా అవ్వగానే తుని కుర్రాడు "ఈ రాత్రికే వంజంగి కొండకి పోదాం, తెల్లారి మబ్బులు చూద్దాం" అన్నాడు. ట్రైనర్ ఆక్సిజన్ సిలిండర్ అని అందరూ అనే ఆ గాలి సిలిండర్ (అందులో ఉండేది మామూలు గాలే) కడుగుతున్నవాడల్లా ఆగి, "ఏటి బాబూ, ఇప్పుడే నీళ్ళల్లోంచి తేలి కొండెక్కుతావేటి? రేపటిదాకా ఆగు" అన్నాడు. లోతులో ఒత్తిడి వల్ల గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. అది నిదానంగా బయటికి పోవాలి. ఈలోగా ఎత్తుకెళ్తే, మూత తీసిన సోడాలా లోపల బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగాకే విమానం ఎక్కమంటారు. చాలామంది ట్రైనర్లు ఏకంగా 24 చెప్తారు. 600 మీటర్లు దాటిన కొండలకీ ఇదే లెక్క. అరకు సుమారు 900 మీటర్లు, దారిలో గాలికొండ ఇంకా ఎత్తు. వంజంగి వాయిదా పడింది, ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్‌తో సరిపెట్టుకున్నాం.

అన్నట్టు ఆర్కే బీచ్‌లోనూ యారాడలోనూ మోకాళ్ళు దాటి దిగకండి. కెరటం వెనక్కి పోయేటప్పుడు కాళ్ళకింద ఇసుకతో సహా లాగేస్తుంది, ఈతొచ్చినవాళ్ళే పోయారు.

టికెట్ తీసుకునేటప్పుడు పక్క సీటు ఆడవాళ్ళకే ఇమ్మని అడగండి, సాధారణంగా సర్దుతారు. స్కూబా వాళ్ళని రెండే అడగండి: ట్రైనర్‌కి అంతర్జాతీయ డైవింగ్ సర్టిఫికెట్ ఉందా, నీళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో ట్రైనర్ ఉంటాడా. తిన్నగా జవాబు రాకపోతే పక్క షాపుకి నడవండి. రుషికొండకి ఆటో అక్కర్లేదు, స్టేషన్ నుంచి భీమిలి వెళ్ళే 900కె సిటీ బస్సు అటే పోతుంది.

హైదరాబాద్ తిరిగెళ్ళడం ఫ్లైటా రైలా అన్నది మీరు రాయలేదు. ఫ్లైటైతే స్కూబాకి మర్నాటిది తీసుకోండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే ఆ సాయంత్రమే ఎక్కేయొచ్చు.