కొత్త వైరస్‌ల మీద పనిచేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. కొత్తగా పుట్టుకొచ్చే వైరస్‌ల మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. మహమ్మారి లేనప్పుడు వీళ్లకు పనేముంటుంది? ప్రాణానికి ప్రమాదం లేదా? తర్వాత ఏం చదివించమంటారు?
– ఒక తండ్రి

జవాబు: అసలు పనంతా మహమ్మారి లేని రోజుల్లోనే ఉంటుందండీ. కారణం తేలని జ్వరాల శాంపిళ్లు, పశుపక్ష్యాదుల స్వాబ్‌లు, మురుగునీరు ఏడాది పొడవునా పరీక్షిస్తూనే ఉంటారు. 2022లో లండన్ మురుగునీటిలో పోలియో వైరస్ బయటపడింది ఈ నిఘా వల్లే. అప్పటికి అక్కడ ఒక్కరికీ పక్షవాతం రాలేదు.

ఈ రంగంలో రాణించేది ఎవరో చెప్పడానికి నాకు నిపా వైరస్ కథ చాలు. 1998లో మలేషియాలో మెదడువాపు మొదలైతే దోమల ద్వారా సోకే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. అయినా ఆగలేదు. పైగా జబ్బు పడుతున్నది ఎక్కువగా పందుల పెంపకంలో ఉన్న పెద్దవాళ్లు, వాళ్లలో టీకా వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. 1999లో కా బింగ్ చువా అనే పరిశోధకుడు రోగి శాంపిల్‌ను ల్యాబ్‌లో కణాల మీద పెంచితే, ఆ కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ముద్దకట్టాయి. అనుకున్న వైరస్‌కు ఇది సరిపోవడం లేదని ఆయన వదల్లేదు. శాంపిల్‌ను అమెరికా తీసుకెళ్లి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూపిస్తే, అది వేరే కుటుంబానికి చెందిన కొత్త వైరస్ అని తేలింది. దాంతో దృష్టి దోమల మీద నుంచి పందుల మీదకు మళ్లింది. అందరూ ఒప్పుకున్న జవాబుకు లొంగని చిన్న వివరాన్ని పట్టుకుని కూర్చునే గుణం మీ అమ్మాయిలో ఉందా? మార్కుల కంటే ముందు నేను చూసేది అదే.

ప్రమాదం సంగతి. ఎబోలా, నిపా లాంటి వాటిని బతికుండగా పెంచేది అత్యున్నత స్థాయి భద్రత ఉండే బీఎస్ఎల్-4 ల్యాబుల్లోనే. అక్కడికి సుదీర్ఘమైన శిక్షణ లేకుండా ఎవరినీ రానివ్వరు. మామూలు ల్యాబుల్లో చాలావరకు వైరస్‌ను రసాయనాలతో నిర్వీర్యం చేశాకే దాని జన్యుపదార్థం (ఆర్ఎన్ఏ) తీస్తారు. తొందరపాటు మనిషికి మాత్రం ఈ రంగం వద్దనే అంటాను.

అందుకే వేసవిలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చేయించండి. వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష ప్లేట్‌లో శాంపిల్ లేకుండా ఉత్త నీళ్లు వేసిన గుంటలోనూ సిగ్నల్ వచ్చిందంటే ఎక్కడో కలుషితమైనట్టే. ఆ బ్యాచ్‌ను నమ్మడానికి లేదు, మళ్లీ చేయాలి. సాయంత్రం ఆరింటికి అలా జరిగితే ఆమె విసుక్కుంటుందా, ఎక్కడ తప్పిందో వెతుకుతుందా? ఎమ్మెస్సీ ఫారాలు నింపే ముందే అది తెలియాలి.

తర్వాత వైరాలజీ లేదా మాలిక్యులర్ బయాలజీలో ఎమ్మెస్సీ. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ తప్పదు. ఇప్పటినుంచే స్టాటిస్టిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి. జీనోమ్ (జన్యు సమాచారం మొత్తం) చదివిన యంత్రం ఇచ్చేది అక్షరాల గుట్ట, అందులో వైరస్‌ను వెతికేది కంప్యూటర్ మీదే. ల్యాబ్ కంటే జనంలో తిరిగి ఎవరి నుంచి ఎవరికి సోకిందో ఆరా తీయడం నచ్చితే ఎపిడెమియాలజీ వైపు వెళ్లవచ్చు.

ఇంకో మాట కూడా మీకు తెలియాలి. మహమ్మారి వచ్చినప్పుడు నిధులు పొంగుతాయి, తగ్గాక సన్నగిల్లుతాయి. కాంట్రాక్టు ఉద్యోగాలు ఎక్కువ. అయితే పీసీఆర్, సీక్వెన్సింగ్ (జీనోమ్ చదవడం), డేటా విశ్లేషణ చేతికొస్తే క్యాన్సర్ పరీక్షల ల్యాబులు, టీకా కంపెనీలు కూడా తీసుకుంటాయి.