వరంగల్ పల్లెల్లో పెద్దవాళ్లకు చదువు నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మహిళా సంఘం మీటింగ్‌లోనే మొదలుపెట్టండి. పొదుపు కట్టడానికి అక్కలందరూ అక్కడికి ఎలాగూ వస్తారు. అ, ఆలు తర్వాత చూద్దాం, ముందు చేతిలో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ తెరవండి: పేరెక్కడుంది, జమ ఏది, తీసింది ఏది, వడ్డీ ఎంత పడింది. తన లెక్క తను చదువుకున్న మనిషి మళ్లీ వారం పిలవకుండానే వస్తుంది.

నేర్పడానికి ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు చాలు. సాయంత్రం ఓ గంట గది ఇమ్మని బడిని అడగండి. పత్తి ఏరే రోజుల్లో మాత్రం పట్టుబట్టొద్దు, పాపం పొద్దంతా చేన్లోనే ఉంటారు.

వరంగల్ 2022లో యునెస్కో లెర్నింగ్ సిటీల్లో, అంటే అన్ని వయసులవాళ్లకూ చదువు అందించడానికి పనిచేసే నగరాల్లో, చేరింది. కేంద్రం ఉల్లాస్ పథకం చదువు రాని, 15 ఏళ్లు దాటినవాళ్ల కోసమే. చదవడం వచ్చాక హనుమకొండలో 1904 నాటి రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయం చూపించండి. పట్టుదల ఉన్నవాళ్లు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కూడా రాయొచ్చు.