నర్సింగ్ చదువుతున్న కిరణ్‌కు పెద్దమ్మ రాసేది

కిరణ్ బిడ్డా,

ఫోన్‌లో అంతా బాగానే ఉందన్నావు గానీ నిద్ర పట్టట్లేదట, కంచంలో సగం అన్నం వదిలేస్తున్నావట, ఊరికే చిరాకు పడుతున్నావట. మీ అమ్మ చెప్పింది. ఇన్నేళ్లు సర్కారు దవాఖానాల్లో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఈ మూడూ కలిసి వస్తే డిప్రెషన్ కావచ్చని నాకు తెలుసు. నీకూ తెలుసు, పుస్తకంలో చదివే ఉంటావు.

నీ గోల ఎక్కడ మొదలైందో కూడా ఊహించగలను. నువ్వు తెల్లకోటు వేసుకుని మంచం దగ్గరికి పోతే పేషెంటు "డాక్టర్ సాబ్" అని లేచి కూర్చుంటాడు, నర్సింగ్ స్టూడెంటువని తెలిశాక "మగపిల్లాడివి, ఇదేం చదువు" అంటాడు. అదే మనిషి, మన స్వాతి హౌస్ సర్జన్‌గా మెడలో స్టెత్ వేసుకుని వస్తే "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అంటాడు. లేబర్ రూమ్ పోస్టింగ్‌లో నిన్ను తలుపు బయట నిలబెడతారు, బరువైన పేషెంటుని స్ట్రెచర్ మీదికి ఎత్తాలంటే మాత్రం "కిరణ్ ఏడీ" అని వెతుక్కుంటారు. పెళ్లిళ్లలో మీ నాయన "మావాడు మెడికల్ లైన్" అని మాట దాటేస్తాడు. స్వాతికి ఇంకో తంటా, రాత్రంతా క్యాజువాలిటీలో నిలబడి వచ్చినా ఇంట్లో చాయ్ తనే పెట్టాలి, సర్జరీ తీసుకుంటానంటే "ఆడపిల్లకు ఎందుకమ్మా, గైనిక్ చాలదా" అంటారు. 1880ల్లోనే ఈ హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి, క్లోరోఫామ్ ఇవ్వడంలో పేరు తెచ్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ పుట్టిన దేశంలో ఇంకా ఇవే మాటలు!

ఇవి పడీపడీ ఆడపిల్లలు ఎంతో కొంత బయటికి చెప్పుకుంటారు, ఏడుస్తారు, తలనొప్పి అనైనా చూపించుకుంటారు. మగపిల్లలకు ఆ దారి మనమే మూసేశాం, కాబట్టి అది కోపంగా, మందుగా, అర్ధరాత్రి బండి తోలడంగా బయటపడుతుంది. డిప్రెషన్ అని తేలేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ, ప్రాణం తీసుకునేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ. 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,924 మంది అని జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క, అందులో 100కి దాదాపు 72 మంది మగవాళ్లు. భయపెట్టడానికి చెప్పట్లేదు, నువ్వు "ఆ, ఏం కాదులే" అంటావని చెబుతున్నా.

ఇప్పుడు చెయ్యాల్సింది విను. డిప్రెషన్ ఉందేమో చూసే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ఫారం పేషెంట్లతో నింపించి ఉంటావు కదా, గది తలుపేసుకుని నీ గురించి నువ్వు నింపు. గడిచిన రెండు వారాల గురించి, అబద్ధం రాయకుండా. మొత్తం 27కి 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్ని కలవాలి. చచ్చిపోతే బాగుండనో, ఒంటికి హాని చేసుకోవాలనో అనిపిస్తోందా అని అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏది వచ్చినా మార్కులు కూడుకుంటూ కూర్చోకు, ఆ రోజే ఎవరికైనా చెప్పు, నాకైనా సరే, రాత్రి రెండింటికైనా సరే.

మీ కాలేజీ దవాఖానాలోనే చూపించుకుంటే ఫ్యాకల్టీకి తెలుస్తుందని నీ టెన్షన్. నిజమే, ఆ గోడలకు చెవులుంటాయి. అయితే వేరే దవాఖానాలో సైకియాట్రీ ఓపీకి పో, లేదంటే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు. ఎర్రగడ్డ పేరు వినగానే నవ్వేవాళ్లు ఉంటారు, నువ్వు ఆ బ్యాచ్‌లో చేరకు, రేపు అక్కడికే పోస్టింగ్‌కి పోవాలి. నీ వివరాలు బయటపెట్టకూడదని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలోనే ఉంది. ఎదురుగా కూర్చుని మాట్లాడటం కష్టమనిపిస్తే ముందు సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చెయ్, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఏ వేళైనా ఎత్తుతారు.

ఇంకొకటి, కాస్త గట్టిగానే చెబుతున్నా. నిద్ర కోసం ఫ్రెండ్ ఇచ్చాడని ఆల్ప్రజోలమ్ మింగడం మొదలుపెట్టకు. మందులు చేతికందే చదువు మనది, అలవాటు పడటం తేలిక, మానడం ఎంత కష్టమో వార్డులోనే చూస్తావు. నైట్ డ్యూటీ దిగాక ఫోన్ పక్కన పెట్టి పడుకో, చాయ్ తగ్గించు. క్లాసులో నిన్ను "సిస్టర్ కిరణ్" అని ఆటపట్టించేవాడు ఉన్నాడే, వాడితో నవ్వి ఊరుకోకు, పక్కకు పిలిచి నచ్చట్లేదని ఒక్కసారి చెప్పు. సగం మంది అంతటితో ఆపేస్తారు. ఆపకపోతే మీ క్లాస్ టీచర్‌కు చెప్పు, అది చాడీ కాదు.

మీ నాయన సంగతి నాకు వదిలెయ్. మా మరిదితో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు, ఆయన బీపీకి నెలనెలా మందులు వేసుకుంటాడు కదా, అక్కడినుంచే మొదలుపెడతా.

మంగళవారం పోతావో గురువారం పోతావో రాత్రికి మెసేజ్ పెట్టు. ఓపీ చీటీల లైన్ పొద్దున్నే పెరిగిపోతుంది, నీకు క్లాస్ ఉంటే నేను ముందుగా వచ్చి నిలబడతా.

మీ పెద్దమ్మ