మట్టిల్లు కొన్న అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

అమెరికాలో న్యూ మెక్సికోలోని శాంటా ఫేలో పాత అడోబీ ఇల్లు, అదే ఎండబెట్టిన పచ్చి మట్టి ఇటుకల ఇల్లు, కొన్నారనీ, దాన్ని అచ్చం ఆ ఎడారి పద్ధతిలోనే సర్దుకుంటామంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. మురిసిపోయాను. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది.

సామాన్ల సంగతి తేలిక. నేలకి సాల్టియో మట్టి పలకలు వేయిస్తే పైన సీలర్ పూయించు, లేకపోతే మన పోపుల నూనె పీల్చేస్తాయి. పైకప్పు దూలాలకి, అదే వాళ్ళ వీగాలకి, రంగులు వేయకు. కుండలు కావాలంటే మీ ఊళ్ళోనే ప్యాలెస్ ఆఫ్ ది గవర్నర్స్ అనే పాత గవర్నర్ల భవనం వరండాలో ఆదివాసీ కళాకారులే కూర్చుని అమ్ముతారు, అక్కడ కొను. ఎవరో చేసినదాన్ని వాళ్ళ పేరు చెప్పి అమ్మితే నేరమని 1990లోనే చట్టం వచ్చింది. గుమ్మానికి ఎండుమిర్చి దండలు కట్టు, బావుంటాయి. కొన్నిటికి మెరుపు కోసం వార్నిష్ కొడతారు. గుంటూరు పిల్లవి, పచ్చట్లోకి లాగేస్తావేమో, అడిగి మరీ కొను.

అల్లుడు బయటి గోడలకి సిమెంటు చేయిద్దామంటున్నాడట. వద్దు! ఉత్తరంలో ఇంకేం మర్చిపోయినా ఫర్వాలేదు, ఇది వినండి.

మీ రాష్ట్రంలోనే తావోస్ అనే ఊరి దగ్గర రాంచోస్‌లో రెండు వందల ఏళ్ళ నాటి మట్టి చర్చి ఉంది. మళ్ళీ మళ్ళీ మట్టి పూసే బెడద ఎందుకని 1967లో దానికి సిమెంటు చేశారు. సిమెంటు పగులుతుంది, కంటికి ఆననంత సన్నగా. అందులోంచి దిగిన నీళ్ళు మళ్ళీ ఆవిరై బయటికి పోయే దారి ఉండదు. పైకి గోడ పెళ్ళికూతురిలా నిగనిగలాడుతుంటే లోపల ఇటుక నాని బురదవుతుంది. చివరికి 1979లో సిమెంటంతా కొట్టించేసి మళ్ళీ మట్టే పూశారు. ఇప్పుడు వేసవిలో ఊరంతా కలిసి మట్టీ గడ్డీ పిసికి చేతుల్తో పూస్తారు. ఒక ఏడు మేమూ వెళ్ళాం. మీ పెదనాన్న ఫొటోలు తీసుకుంటూ నిలబడ్డారు, నేను కుచ్చిళ్ళు దోపుకుని దిగాను. ఒక ముసలావిడ నా చెయ్యి తిరగడం చూసి ఎక్కడ నేర్చావంది. సంక్రాంతికి ముందు మా అమ్మ దగ్గర అన్నాను. ఆవిడకేం అర్థమవుతుంది పాపం! మీ అమ్మమ్మ గుర్తొచ్చి అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, మట్టి చేతులతో తుడుచుకోడానికి కూడా లేదు.

అందుకని, ఇప్పటికే సిమెంటు ఉన్న చోటల్లా నేలకి జానెడు ఎత్తులో వేలి కణుపుతో కొట్టి చూడు. డొల్లగా మోగితే పెయింటింగులూ తివాచీలూ పక్కన పెట్టి, అడోబీ పని తెలిసిన మేస్త్రీని పిలు. లోపలి గోడలకి ప్లాస్టిక్ పెయింటు వద్దు, సున్నమో మట్టి రంగో చాలు. కప్పు మీది నీళ్ళు పోసే తూములు మంచు పడకముందే శుభ్రం చేయించు. నీ సంగతి నాకు తెలుసు, దక్షిణం గోడ వెచ్చగా ఉంది కదా అని అక్కడ మల్లె పాదు చేసి రోజూ నీళ్ళు పోస్తావు. గోడ మొదట్లో చుక్క నీరు పోశావంటే ఊరుకోను. మల్లే, కరివేపాకూ కుండీల్లో పెట్టు, చలికాలం ఎలాగూ లోపలికి తేవాలి.

దసరాకి వస్తున్నాం. గోడకి ఆనించి కట్టిన ఆ మట్టి అరుగులు చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి గానీ మీ పెదనాన్న మోకాళ్ళు సహకరించవు. ఒక్క మంచి కుర్చీ కొని ఉంచు.

మీ పెద్దమ్మ