కెమెరా మార్చే ముందు కరెంటు సంగతి చూడండి

"అక్కా, పోయినేడాది డోర్‌బెల్ కెమెరా పెట్టించాం. కొరియర్ అతను పెట్టె పెట్టి వెళ్లిపోయాక ఫోన్ మోగుతోంది. వీడియో తెరిస్తే మెట్లు దిగిపోతున్న వీపు తప్ప ఏమీ కనబడదు. చలికాలం వస్తే అసలు ఆన్‌లోనే ఉండదు. వేరే కంపెనీది కొనేద్దామనుకుంటున్నాం, ఏది మంచిది?"

మిషిగన్‌లో కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. నా జవాబు ఎప్పుడూ ఒకటే. కంపెనీ పేరు తర్వాత చూద్దాం, ముందు ఆ కెమెరాకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది, వీడియో ఎక్కడికి పోతోంది చెప్పండి. ఈ రెండూ మారకుండా కెమెరా ఒక్కటే మారిస్తే, డబ్బులు పోసి అదే బాధ మళ్లీ కొనుక్కున్నట్టు.

బ్యాటరీ కెమెరా ఎలా పనిచేస్తుందో తెలిస్తే వీపు మాత్రమే ఎందుకు కనబడుతుందో అర్థమవుతుంది. బ్యాటరీ ఆదా చెయ్యడానికి అది దాదాపు రోజంతా నిద్రలోనే ఉంటుంది. మనిషి ఒంటి వేడి కదలడాన్ని ఒక చిన్న సెన్సర్ పసిగట్టి దాన్ని లేపాలి. లేచాక వై-ఫై అందుకోవాలి, అప్పుడు రికార్డింగ్ మొదలుపెట్టాలి. ఈలోపు వచ్చినవాడు పని చూసుకుని వెనక్కి తిరుగుతాడు. పైగా ఆ సెన్సర్‌కి అడ్డంగా నడిచే మనిషి తేలిగ్గా దొరుకుతాడు, నేరుగా ఎదురొచ్చే మనిషి ఆలస్యంగా దొరుకుతాడు. మన ఇళ్ల ముందు దారి సరిగ్గా తలుపుకి ఎదురుగానే ఉంటుంది కదా! కెమెరాని గరాజ్ మూలకి మార్చి, నడిచే దారి దాని ముందు అడ్డంగా పోయేలా పెట్టి చూడండి. కొత్తది కొనకుండానే సగం బాధ తీరిన ఇళ్లు నేను చూశాను.

చలి మాత్రం అలా తీరేది కాదు. లిథియం అయాన్ బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్, అంటే ఇక్కడి లెక్కలో 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కింద ఛార్జ్ చేయకూడదు, పాడైపోతుంది. అందుకని మంచి కెమెరాలు ఆ చలిలో ఛార్జింగ్ తమంతట తామే ఆపేస్తాయి. సోలార్ పలక తగిలించినా జనవరిలో మిషిగన్ ఎండ ఎంత ఉంటుందో మీకు తెలుసు, దాని మీద మంచు కూడా పేరుకుంటుంది. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉన్న మీ అన్నయ్య "మాకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అన్నాడని అదే మోడల్ తెప్పించుకోకండి.

వైరు డోర్‌బెల్ అయితే ఇంకో చోట చూడాలి. ఎక్కువ వీడియో డోర్‌బెల్‌లకి 16 నుంచి 24 వోల్టుల ఏసీ కావాలి. పాత ఇళ్లలో గంట కోసం ఎప్పుడో బిగించిన ట్రాన్స్‌ఫార్మర్ చాలాసార్లు 10 వోల్టులే ఇస్తుంది. దాంతో పగలు బాగానే ఉంటుంది, రాత్రి చీకట్లో చూడ్డానికి కెమెరాలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానో, ఎవరో బటన్ నొక్కగానో ఆగిపోయి మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. కెమెరా చెడిపోయిందని ఊరికే తిరిగి ఇచ్చేస్తుంటారు. బేస్‌మెంట్‌లోనో ఫర్నేస్ పక్కనో ఉన్న ఆ చిన్న పెట్టె మీద వోల్టులు రాసి ఉంటాయి, టార్చి వేసి చదవండి. దాన్ని మార్చడం ఎలక్ట్రీషియన్‌కి చిన్న పని.

వై-ఫై విషయంలో మనవాళ్లు నెలకి ఎంత స్పీడుకి డబ్బు కడుతున్నారో చెబుతారు. అది దిగే స్పీడు, అంటే డౌన్‌లోడ్. కెమెరాకి కావలసింది ఎక్కే స్పీడు, అంటే అప్‌లోడ్. కేబుల్ ఇంటర్నెట్‌లో దిగేది 500 మెగాబిట్లు ఉన్నా ఎక్కేది 20 దగ్గరే ఆగిపోయే ప్లాన్లు చాలా ఉన్నాయి. మామూలు 1080పీ కెమెరా ఒకటి సెకనుకి 2 మెగాబిట్లు వాడుతుందనుకుంటే రోజంతా కలిపి 21 గిగాబైట్ల పైన అవుతుంది. 4కే అయితే దానికి నాలుగింతలు సులభంగా దాటుతుంది. అలాంటివి నాలుగు పెట్టి, ఇంట్లో ఇద్దరూ ఆఫీసు మీటింగుల్లో కూర్చుంటే ఎవరి బొమ్మా సరిగ్గా రాదు. రౌటర్ బేస్‌మెంట్‌లో, కెమెరా ఇటుక గోడ అవతల ఉన్నా ఇదే గోల. చాలా కెమెరాలు వై-ఫైలో 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద బాగుంది కాబట్టి కెమెరాకీ బాగుంటుందని అనుకోకండి.

ఇక కొనడం సంగతి. సొంత ఇల్లయితే నేను మొహమాటం లేకుండా చెప్పేది పీవోఈ కెమెరాలు. ఒక్క ఈథర్నెట్ కేబుల్ లోనే కరెంటూ, వీడియో రెండూ పోతాయి, 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదు. ఇంట్లో ఒక మూల రికార్డర్, అందులో హార్డ్ డిస్క్, దానికి ఒక యూపీఎస్. ఇంటర్నెట్ పోయినా, ఎవరైనా వై-ఫైని జామ్ చేసినా రికార్డింగ్ నడుస్తూనే ఉంటుంది. నెలనెలా చందా లేదు. ఆటిక్ లోంచి కేబుళ్లు లాగడానికి మనిషిని పెట్టుకుంటే ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చు ఒకసారి పెట్టండి. ఆ పని జూలైలో పెట్టుకోకండి, ఆ వేడికి ఆటిక్‌లో మనిషి నిలబడలేడు. కొనేటప్పుడు ఆన్‌విఫ్ (వేర్వేరు కంపెనీల కెమెరాలు, రికార్డర్లు కలిసి పనిచేసే ప్రమాణం) ఉందో లేదో తప్పక అడగండి. అది ఉంటే రేపు ఒక కెమెరా పోయినా వేరే కంపెనీది తెచ్చి అదే రికార్డర్‌కి తగిలించుకోవచ్చు.

అద్దె ఇంట్లో గోడలు తొలిచే వీలుండదు. అక్కడ సాకెట్‌కి తగిలించే కెమెరా, అందులో మైక్రో ఎస్‌డీ కార్డు చాలు. కార్డు మాత్రం హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్నదే తీసుకోండి. మామూలు కార్డు మీద రాత్రింబవళ్లు చెరిపి రాస్తూ ఉంటే త్వరగా అరిగిపోతుంది, యాప్‌లో మాత్రం పైకి అంతా బాగున్నట్టే కనబడుతుంది. పైన చెప్పిన లెక్కన 128 గిగాబైట్ల కార్డులో దాదాపు ఆరు రోజుల వీడియో పడుతుంది. చందా కడితే తప్ప ఏదీ దాచని మోడళ్లూ ఉన్నాయి, ఆ సంగతి పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. కిటికీ లోపల పెట్టి బయట చూపించాలనుకుంటే, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు అద్దానికి కొట్టి తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదు. ఆ దీపాలు ఆపేసి బయటి లైటు వెలిగించి ఉంచండి. లీజింగ్ ఆఫీసుని ఈమెయిల్‌లో అడిగి, ఎదురింటి తలుపు బొమ్మలో పడకుండా చూసుకోండి.

4కే, 8 మెగాపిక్సెల్ అంకెలకి పడిపోకండి. బొమ్మ పట్టే చిన్న సెన్సర్ మీద అన్ని పిక్సెల్స్ కుక్కితే రాత్రి బొమ్మ మసకేస్తుంది. నేను కొత్త కెమెరా చూసేటప్పుడు పగటి వీడియో అసలు చూడను. రాత్రి పది తర్వాత టోపీ పెట్టుకున్న మనిషి నడుస్తుంటే మొహం ఆనవాలు పట్టగలమా అన్నదే చూస్తాను. రెండో అంతస్తు చూరు కింద బిగిస్తే టోపీ పైభాగమే దొరుకుతుంది. ఇన్‌ఫ్రారెడ్ దీపాల దగ్గర సాలీళ్లు గూళ్లు కడతాయి. ఒక్క పోగు లెన్స్ ముందు ఊగుతుంటే రాత్రంతా అలర్ట్‌లు వస్తాయి, బొమ్మంతా తెల్లటి తాడులా కనబడుతుంది. మెత్తటి గుడ్డతో వారానికోసారి తుడిస్తే సరిపోయే దానికి కెమెరా మార్చక్కర్లేదు.

మన ఇళ్లకి ఈ జాగ్రత్త ఎందుకు ఎక్కువ కావాలో ఒక కేసు చెబుతాను. 2011 నుంచి 2014 దాకా జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్ రాష్ట్రాల్లో భారతీయుల, ఇతర ఆసియా కుటుంబాల ఇళ్లనే ఏరి దోచుకున్న ముఠా నాయకురాలికి 2019లో డెట్రాయిట్ ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలు వేసింది. మన ఇళ్లలో బంగారం ఉంటుందని వాళ్లకి తెలుసు. కెమెరా దొంగని ఆపదు, తర్వాత పోలీసులకి ఉపయోగపడుతుంది అంతే. పెళ్లినాటి నగలు బ్యాంకు లాకర్లో పెట్టండి. ఇంటి ఇన్సూరెన్సులో నగల దొంగతనానికి ఇచ్చేది చాలా తక్కువ, విడిగా రాయించుకుంటేనే పూర్తి విలువ వస్తుంది.

కెమెరా ఇంట్లోపల పెట్టేవాళ్లకి ఇంకొక మాట. 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, డోర్‌బెల్ కెమెరాలు అమ్మే రింగ్ కంపెనీ మీద కేసు పెట్టి 58 లక్షల డాలర్లు కట్టించింది. ఆ కంపెనీ ఉద్యోగులు, కాంట్రాక్టర్లు జనం ఇళ్లలో వీడియోలు చూడగలిగారన్నది అందులో ఒక ఆరోపణ. 2024 ఫిబ్రవరిలో వైజ్ కెమెరాలున్న దాదాపు 13,000 మందికి వేరేవాళ్ల ఇళ్ల చిత్రాలు కనబడ్డాయి. పడకగదిలో, పసిపిల్లలకి నీళ్లుపోసే చోట కెమెరా వద్దు. రెండంచెల లాగిన్ పెట్టుకోండి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో ఏకాంతంగా మాట్లాడుకునే మాటలు రికార్డ్ చెయ్యాలంటే అందరి ఒప్పుకోలూ కావాలి, బేబీసిట్టర్ వచ్చే ఇళ్లలో మైకు ఆపేయడం మేలు.

ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి పంపుదామని ఇక్కడ కొనేవాళ్లున్నారు. అక్కడే కొనండి. చెడితే బాగుచేసే కుర్రాడు ఆ ఊళ్లో ఉండాలి, వారంటీ అక్కడ చెల్లాలి. ఇప్పటికే పంపేశారా, అయితే అక్కడి కరెంటుకి సరిపోయేలా సెట్టింగుల్లో 60 హెర్ట్జ్‌ని 50కి మార్చండి. లేకపోతే ట్యూబులైటు వెలుగులో బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. జియో ఫైబర్ లాంటి కనెక్షన్లలో చాలామందికి ఒకే పబ్లిక్ అడ్రస్ పంచుతారు కాబట్టి రౌటర్‌లో పోర్టు తెరిచి బయటనుంచి నేరుగా కెమెరాలోకి చూసే పాత పద్ధతి కుదరదు, కెమెరా తనే కంపెనీ సర్వర్‌తో మాట్లాడుకునే రకం తీసుకోవాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా రౌటర్ దాని లైను మీద ఉందో లేదో అడగండి, లేకపోతే రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టించండి. కెమెరా గేటు దగ్గర, వీధి వసారాలో ఉంటే చాలు. అమ్మ కూర్చుని కూరగాయలు తరుక్కునే హాల్లో పెట్టాలంటే ముందు ఆవిణ్ణి అడగాలి, వద్దంటే అక్కడితో ఆపేయాలి. రోజూ ఫోన్ చేసి మాట్లాడితే తెలిసేదంతా కెమెరాలో తెలియదు.

కొత్త కెమెరా ఏది తెచ్చినా బిల్లు మీద వెనక్కిచ్చే గడువు చూసి, ఆ లోపల పరీక్ష పెట్టండి. రౌటర్ ప్లగ్ పీకి, పది నిమిషాలాగి మళ్లీ పెట్టండి, కెమెరా తనంతట తనే లైన్లోకి రావాలి. ఆ పది నిమిషాల వీడియో కార్డులోనో రికార్డర్లోనో ఉండాలి. రాత్రిపూట ఇంట్లో ఒకరు వీధిలోంచి తలుపు దాకా నడిస్తే, ఇంకొకరు తమ ఫోన్‌లో వై-ఫై ఆపేసి ఫోన్ డేటా మీద చూడాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా "అప్‌డేట్ వస్తే బాగవుతుందిలే" అని కూర్చోకండి. పెట్టె, అట్టలు, స్క్రూలు పారేయకుండా ఉంచి, గడువులోపే తిరిగి ఇచ్చేయండి.