పటం విప్పే ముందు

బిడ్డా,

బొమ్మలు గీసిన బట్ట పటం విప్పి చూపించుకుంట చెప్పే పటం కథల మీద, మ్యూజియంల ఉండి పని చేసే నాలుగు నెలల రెసిడెన్సీ నీకు ఇచ్చిన్రని మీ బాపు ఫోన్ల చెప్పిండు. మా ఇంటి ఆడపిల్ల కాకతీయల పిహెచ్‌డి చేసుకుంటనే మ్యూజియం వాళ్లతోని పని చెయ్యబోతున్నదంటే నాకు కడుపు నిండింది. అప్పటి సంది నిద్ర మాత్రం సరిగ పడతలేదు.

గైడు సంతకం, డిపార్ట్‌మెంటు అనుమతి పత్రం, రెండు నకళ్లు. ఇవి నీకు ఎరుకే. పిహెచ్‌డికి ఫెలోషిప్ తీసుకుంటున్నవు కాబట్టి ఆ మ్యూజియం సంస్థ ఇచ్చే స్టైపెండు కూడ తీసుకోవచ్చో లేదో ముందే కాగితం మీద అడుగు. నోటి మాట నమ్మకు.

కాలం లెక్క మాత్రం గట్టిగ చూసుకో. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పిహెచ్‌డి కోర్స్‌వర్క్‌తో కలిపి ఆరేండ్లల్ల ముగించాలె. మళ్ల రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేండ్లు దొరకొచ్చు గని, దాన్ని ఇప్పుడే లెక్కల పట్టకు. నాలుగు నెలల రెసిడెన్సీ నాలుగు నెలలతోని ఒడువది. ఒక గంట కథను మాట మాట రాసుకోవాలంటే ఏడు గంటలు వేసుకో. 40 గంటలు రికార్డు చేస్తే 280 గంటలు, రోజుకు ఆరు గంటలు కూసున్నా 47 రోజులు. అక్కడ ప్రోగ్రాం ఉన్న రోజు కుర్చీలు సర్దుడు, బ్రోచర్ రాసుడు నీ మీదనే పడతయి. చెయ్యి, తప్పు లేదు. గని వారంల రెండు రోజులు నీ పరిశోధనకే అని ఒప్పందంల రాయించుకో.

అదే ఒప్పందంల ఇంకో మాట ఉండాలె. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగిగ గని, అప్రెంటిస్‌గ గని చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. నీ లెక్క రెసిడెన్సీకి పోయినోళ్లు అప్రెంటిస్ కిందికి వస్తరా రారా అని రేపు కొట్లాడుడు ఎందుకు? నోట్సు, రికార్డింగులు థీసిస్‌ల వాడుకునే హక్కు నీకుంటదని ముందే ఒక వాక్యం రాయించు.

ఇగ అసలు సంగతి. మా తరం చేసిన ఒక తప్పు నువ్వు మళ్ల చేస్తవేమోనన్న భయమే ఈ ఉత్తరం రాయించింది. క్యాసెట్ రికార్డర్లు పట్టుకొని ఊళ్లు తిరిగిన రోజులల్ల మాకు కథే కావాలె, చెప్పేటోళ్లు పట్టలేదు. డబ్బా మీద ‘జాంబపురాణం, రెండో రాత్రి’ అని రాసుకుంటే పని అయిపోయినట్టే. మాదిగలకు ఆ పురాణం చెప్పే దక్కలి కులం పెద్దమనిషి పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. ఆ టేపులు బూజు పట్టినయి. కష్టపడి కంప్యూటర్ల ఎక్కించిన వాటిని కూడ బయట పెట్టే దారి లేదు. అదే చట్టం 38వ సెక్షన్ ప్రకారం ప్రదర్శన మీద ప్రదర్శకునికి 50 ఏండ్లు హక్కు ఉంటది. పేరే తెల్వనప్పుడు ఎవరిని అడుగుతవు? వాళ్ల మనుమడు వచ్చి మా తాత గొంతు ఒకసారి వినిపియ్యుండ్రి అంటే ఏ డబ్బా తీసియ్యాలె? పరిశోధనకు కూడ ఆ టేపు సగం పనికే వస్తది. కాకిపడగలోళ్లు ముదిరాజులకు చెప్పే కథ, కూనపులోళ్లు పద్మశాలీలకు చెప్పే కథ, ఊరు మారితే, అడిగిన ఇంటి గోత్రం మారితే మారుతది. ఎక్కడ, ఎవరి కోసం చెప్పిన్రో తెల్వకపోతే దేనితోని పోల్చి చూస్తవు?

కాబట్టి అనుమతి పత్రం తెలుగుల, రెండు పేజీలకు మించకుండ రాసుకో. చదువురానోళ్లకు చదివి వినిపించి, ఒప్పుకున్న మాటను గొంతుతోనే రికార్డు చెయ్యి. అన్నిటికీ కలిపి ఒక్క సంతకం పెట్టించుకోకు. రికార్డు చేసుడు, సంస్థల దాచుడు, క్లాసుల వినిపిచ్చుడు, ఇంటర్నెట్ల పెట్టుడు, ఈ నాలుగింటికీ వేరే వేరే ‘సరే’, ‘వద్దు’ ఉండాలె. కథల ఏదన్న ముచ్చట మావోళ్ల ముందటనే చెప్తం అంటే మిషన్ బంద్ చెయ్యి, బతిలాడకు. పేరు, ఊరు, మండలం, తేదీ, మిరాశి, అంటే ఆ ఊళ్లె కథ చెప్పే వంశపు హక్కు, ఎవరిది, పటం ఎవరిది, ఏ భాగం చెప్పిన్రు, పక్కన ఏ వాయిద్యం ఉన్నది, ఇవన్ని పండుకునే ముందే రాయి. తెల్లారితే కలగాపులగం అయితయి.

ఫోన్ల కాదు, రికార్డర్ల 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలుగ తియ్యి. స్టీరియోల గంటకు దగ్గర దగ్గర ఒక జీబీ. మూడు నకళ్లు పెట్టు, ఒకటి వేరే ఊళ్లె ఉండాలె. పదిహేను రోజుల్లోపల ఆ కుటుంబానికి పెన్‌డ్రైవ్‌ల ఒకటి, వాళ్ల ఫోన్లకు ఎంపీత్రీ ఒకటి ఇయ్యి. బృందం మొత్తానికి రాత్రి కూలి సంస్థ బడ్జెట్‌లనే ఉండాలె. నీ ఫెలోషిప్ పైసలు తీసి ఇయ్యకు, అట్ల ఇస్తే సంస్థకు అది తన బాధ్యత అని ఎన్నటికీ అనిపియ్యది.

పటం ముట్టేటప్పుడు పైలం. గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల ముద్ద, బంక కలిపి బట్టకు పూస్తరు. దాని మీదనే రంగు. తడి తగిలితే కరుగుతది, ఇరుకుగ చుడితే మట్టి పగిలి పొరలు లేస్తయి. చేతులు కడుక్కొని మంచిగ ఆరినంకనే పట్టు. నూలు గ్లౌజులు వద్దు, లేచిన పొరకు చిక్కుకుంటయి. మ్యూజియంల పాత పటం చుట్టాల్సి వస్తే బొమ్మ బయటి దిక్కు ఉండేటట్టు, లావు గొట్టం మీద వదులుగ చుట్టుమను. ఫోటోకు ఫ్లాష్ వాడకు, ఎండల పరవకు. ఇంకొకటి. పాతబడ్డ పటాన్ని నీళ్లల్ల కలిపే ఆచారం ఉన్నది. మ్యూజియం దాచాలంటది, ఇంటోళ్లు కలపాలంటరు. నువ్వు మ్యూజియం తరఫున ఒత్తిడి చెయ్యకు. ఫోటోలకు ఒప్పుకుంటరేమో అడుగు, కాదంటే దండం పెట్టి లేచి రా.

కథ ఒడిసేసరికి నడిజాము దాటుతది. ఆ యాళ్ల బస్సు కోసం రోడ్డు మీద నిలబడకు బిడ్డా, నాకు గుండె ఆగుతది. ఆ ఇంట్లనే పండుకో, వాళ్లు పెట్టింది తిను. వద్దంటే వాళ్లు చిన్నబుచ్చుకుంటరు, నువ్వు ఎండిపోతవు. పోయిన దసరకే బక్కగ అయినవు.

ఒప్పందం చిత్తుప్రతి వచ్చిన రోజే నాకు వాట్సాప్ చెయ్యి. సంతకం పెట్టకముందు ఇద్దరం కూసొని ఒక్కొక్క అక్షరం చదువుదాం. ఐతారం హన్మకొండకు రా, సకినాలు చేసి పెడుత.

ఇట్లు
మీ మేనత్త